జర్మన్ మాన్యువల్‌లోని సోలార్ ఫిట్టింగ్ మాటలను మన డాబా మీద ఏమనాలి?

సూపర్‌వైజర్_హన్మకొండ:
అందరికీ నమస్తే. హన్మకొండలో ఒక చిన్న సోలార్ టీమ్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్న పనికి జర్మనీ కంపెనీ అల్యూమినియం స్ట్రక్చర్ సెట్ వచ్చింది. స్లాబ్‌కు ఒక్క బోల్టు కూడా దింపకుండా, పైన బరువులు పెట్టి ప్యానెళ్లను నిలబెట్టే రకం. సామాను బాగుంది. చిక్కంతా మాన్యువల్‌తోనే. అది మొత్తం జర్మన్‌లో ఉంది. ఫోన్‌లో తెలుగు చేసి చూస్తే "పైకప్పు చర్మం మీద భవన రక్షణ చాప పరచండి", "మూలల్లో గాలి పీల్పును గమనించండి" అని వస్తోంది. ఇది చదివి మా ఫిట్టర్లు ఏం బిగించాలి?

రెండు పేజీల తెలుగు షీట్ తయారు చేసి సైట్‌లో గోడకు అంటించాలని నా ఆలోచన. ఒకసారి వినగానే ఫిట్టర్‌కు అర్థం కావాలి, పనిలో తేడా రాకూడదు. నాకు అడ్డం పడుతున్న మాటలు: ఔఫ్‌ష్టెండరుంగ్, డాఖ్‌హౌట్, బౌటెన్‌షుట్స్‌మాటె, ఆట్టికా, విండ్‌జోగ్, రాండ్‌బెరైష్, థెర్మిషె ట్రెన్నుంగ్, పొటెన్‌ట్సియాల్‌ఔస్‌గ్లైష్. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కాజీపేట_నుంచి_ష్టుట్‌గార్ట్:
అన్నా, మాది కాజీపేట. ఇక్కడ జర్మనీలో ఇలాంటి స్ట్రక్చర్ల డిజైన్ పనిలోనే ఉన్నాను. ముందు ఒక్క మాట. మాటలకు తెలుగు వెతకడం కంటే ముందు ఇక్కడి డాబా ఎలా ఉంటుందో తెలియాలి. అది తెలియకపోతే మాట సరిగ్గా పెట్టినా పని తప్పుతుంది.

ఇక్కడి ఫ్లాఖ్‌డాఖ్, అంటే చదును కప్పు, మన డాబా లాంటిది కాదు. మనుషులు ఎక్కి తిరగరు. కింద కాంక్రీటో, రేకో, చెక్కో ఉంటుంది. దాని మీద వేడి, చలి ఆపే మెత్తటి పొర, ఆ పైన తారు షీటో, పీవీసీ షీటో, రబ్బరు షీటో వేస్తారు. వాన నీళ్లను ఆపేది ఆ పై షీటే. డాఖ్‌హౌట్ అంటే అదే. ఆ షీటుకు చిల్లు పడితే నీళ్లు మెత్తటి పొరలోకి దిగి ఎక్కడెక్కడికో పాకుతాయి, లీకేజీ ఎక్కడుందో దొరకదు. బోల్టు వద్దు, బరువు పెట్టండి అని మాన్యువల్ అంతగా చెప్పేది అందుకే. మన దగ్గర "చర్మం" అనక్కర్లేదు, "వాటర్ ప్రూఫింగ్ కోటు" అంటే చాలు.

బౌటెన్‌షుట్స్‌మాటె అంటే పాత టైర్ల రబ్బరు పొడితో చేసిన చాప. స్ట్రక్చర్ నిలిచే అల్యూమినియం పట్టాల కింద పెడతారు. "రబ్బరు మ్యాట్" అని రాయండి. కొన్నింటికి అడుగున అల్యూమినియం పొర ఉంటుంది. అది పీవీసీ షీటు ఉన్న కప్పులకు. పీవీసీలోని మెత్తదనం ఇచ్చే నూనె రబ్బరులోకి పోకుండా అది ఆపుతుంది. మన సిమెంటు స్లాబ్ మీద ఆ పొర అవసరం రాదు.

ఫిట్టర్_కరీంనగర్:
రబ్బరు మ్యాట్ కరెక్ట్. మేము అలాగే అంటాం. కానీ ఆ ఔఫ్‌ష్టెండరుంగ్ అంటే స్టాండే కదా? "స్టాండ్" అని రాస్తే అయిపోతుంది కదా అన్నా?

కాజీపేట_నుంచి_ష్టుట్‌గార్ట్:
అక్కడే ప్రమాదం ఉంది. మీరు సైట్‌లో స్టాండ్ అంటే ఏం గుర్తొస్తుంది?

ఫిట్టర్_కరీంనగర్:
కింద మనిషి నడిచేలా ఏడెనిమిది అడుగుల జీఐ పైపుల స్ట్రక్చర్. ఇప్పుడు ఇళ్లమీద ఎక్కువ అదే అడుగుతున్నారు. కింద బట్టలు ఆరేసుకోవాలి, మిరపకాయలు ఎండబోసుకోవాలి, ఎండాకాలం రాత్రి పడుకోవాలి.

కాజీపేట_నుంచి_ష్టుట్‌గార్ట్:
అదే. జర్మన్ మాట చెప్పేది ప్యానెల్‌ను స్లాబ్ మీద 10, 15 డిగ్రీలు ఒక వైపు లేపి నిలబెట్టడం. వెనక వైపు ఎత్తు ఒక అడుగు, అడుగున్నర. ఎనిమిది అడుగుల స్ట్రక్చర్‌కు గాలి పట్టే తీరే వేరు. ఈ మాన్యువల్‌లోని బరువుల పట్టిక చూసి ఎవరైనా ఎత్తు స్ట్రక్చర్‌ను బరువుల మీద నిలబెడితే మొదటి గాలిదుమారానికే పడిపోతుంది. షీట్‌లో "స్టాండ్" అన్న మాటే రాయొద్దు.

అనువాదం_పని_వరంగల్:
నేను పాఠ్యపుస్తకాలు, మాన్యువళ్లు తెలుగు చేస్తుంటాను. "వాలు ఫ్రేమ్" అంటే ఎలా ఉంటుంది? ఫ్రేమ్ అందరికీ తెలిసిన మాటే. వాలు అనగానే ఎత్తు స్ట్రక్చర్ కాదని తెలిసిపోతుంది. ఇంకో జాగ్రత్త. జర్మన్‌లో డాఖ్‌నైగుంగ్ అంటే కప్పు వాలు, మొడూల్‌నైగుంగ్ అంటే ప్యానెల్ వాలు. తెలుగులో రెండూ ఉత్త "వాలు" అయిపోతాయి. మన స్లాబ్‌కు కూడా వాన నీళ్లు గొట్టం వైపు పోవడానికి కొంచెం వాలు ఉంటుంది. అందుకే "స్లాబ్ వాలు", "ప్యానెల్ వాలు" అని ప్రతిసారీ రెండు మాటలూ కలిపే రాయండి.

సూపర్‌వైజర్_హన్మకొండ:
వాలు ఫ్రేమ్ బాగుంది మేడమ్. రాసుకున్నాను. ఆట్టికా అంటే పిట్టగోడేనా?

స్లాబ్_ఇంజనీర్_సుబేదారి:
పిట్టగోడ అనే రాయండి, కానీ కొలత మళ్లీ తీసుకోండి. జర్మనీలో ఎవరూ ఎక్కని కప్పులకు ఆట్టికా చాలాసార్లు జానెడు, మూరెడు ఎత్తు అంచు మాత్రమే. మన పిట్టగోడ మూడడుగులు ఉంటుంది. దానివల్ల రెండు తేడాలు వస్తాయి. ఎత్తైన పిట్టగోడ ఉంటే అంచుల దగ్గర గాలి లాగే బలం కొంత తగ్గుతుంది, యూరప్ నిర్మాణ నియమాల కోడ్‌లో కూడా దానికి విడిగా అంకెలున్నాయి. రెండోది నీడ. పొద్దున, సాయంత్రం మూడడుగుల గోడ నీడ మొదటి వరుస మీద పడుతుంది. మాన్యువల్ బొమ్మలో ఆ నీడ కనపడదు, ఎందుకంటే అక్కడి అంచు పొట్టిది.

ఇక విండ్‌జోగ్. ఇది అన్నిటికంటే ముఖ్యం. మన వాళ్లు గాలి అంటే నెట్టడం అనుకుంటారు. చదును కప్పు మీద గాలి చేసే పెద్ద పని పైకి లాగడం. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం వచ్చినప్పుడు మన ఊళ్లలో రేకులు పక్కకు జరగవు, లేచిపోతాయి. అదే బలం ఇది. "గాలి పీల్పు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "గాలి పైకి లాగే బలం" అనండి, పొడవైనా ఫరవాలేదు.

ఫిట్టర్_కరీంనగర్:
సార్, మేము "గాలి లేపుడు" అంటాం.

స్లాబ్_ఇంజనీర్_సుబేదారి:
అది ఇంకా మంచిది. అదే రాయండి.

ఈ లేపుడు డాబా అంతటా ఒకేలా ఉండదు. మూలల్లో అన్నిటికంటే ఎక్కువ, అంచుల్లో కొంచెం తక్కువ, నడిమిట్లో ఇంకా తక్కువ. ఎక్‌బెరైష్ అంటే మూల భాగం, రాండ్‌బెరైష్ అంటే అంచు భాగం. ఎంత వెడల్పు వరకు అంచు అంటారన్నది ఇంటిని బట్టి మారుతుంది. యూరప్ కోడ్ లెక్క ఇలా ఉంటుంది. గాలికి ఎదురుగా ఉన్న ఇంటి వెడల్పు, ఇంటి ఎత్తుకు రెట్టింపు, ఈ రెండిట్లో ఏది తక్కువో అది తీసుకోవాలి. 12 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తు ఇల్లనుకోండి. 12, 20 లలో తక్కువది 12. అందులో పదో వంతు, అంటే 1.2 మీటర్లు అంచు పట్టీ. ఆ పట్టీలో రెండు చివరలా, ఆ 12లో నాలుగో వంతు, అంటే 3 మీటర్లు మూల భాగం. గాలి ఏ వైపు నుంచైనా రావచ్చు కాబట్టి నాలుగు వైపులా ఈ లెక్క చేయాలి. ఫిట్టర్‌కు ఈ లెక్కంతా అక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందు సుద్దముక్కతో స్లాబ్ మీద గీతలు గీసి మూల, అంచు, నడుమ అని రాయించండి. ఏ గడిలో ఎన్ని బరువు దిమ్మెలో అప్పుడు ఎవరూ అడగరు.

సూపర్‌వైజర్_హన్మకొండ:
సుద్దగీతల ఆలోచన చాలా నచ్చింది సార్. మరి మాన్యువల్‌లో ఒక్కో భాగానికి ఎన్ని కిలోలో పట్టిక ఇచ్చాడు. విండ్‌ట్సోనె 1, 2, 3, 4 అని. వరంగల్‌కు ఏది తీసుకోవాలి?

స్లాబ్_ఇంజనీర్_సుబేదారి:
ఏదీ తీసుకోవద్దు. చాలామంది ఇక్కడే పొరపడతారు. జర్మనీ గాలి జోన్లకు సెకనుకు 22.5, 25, 27.5, 30 మీటర్లు అని అంకెలుంటాయి. అవి పది నిమిషాల సగటు వేగాలు. భవనాల మీద పడే బరువులు, గాలి లెక్కకు మన దేశ కోడ్ ఐఎస్ 875. దాని మూడో భాగంలోని గాలి మ్యాప్ చూస్తే 33 నుంచి 55 వరకు ఉంటాయి, హైదరాబాద్‌కు 44. ఇవి మూడు సెకన్ల విసురు వేగాలు. రెండు అంకెలూ మీటర్లలోనే ఉన్నాయి కదా అని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు, కొలిచే పద్ధతే వేరు. గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి అక్కడ చిన్న తేడా కూడా దిమ్మెల దగ్గర పెద్ద తేడా అవుతుంది. పట్టిక ఉన్న పేజీని షీట్‌లోకి అనువదించనే వద్దు. బరువు లెక్క మన కోడ్ ప్రకారం ఇక్కడే విడిగా చేయాలి.

ష్నేలాస్ట్ అని ఇంకో గడి కూడా ఉంటుంది. అది మంచు బరువు. మనకు సున్నా.

ఓనర్_భీమారం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఇంటికి 3 కిలోవాట్లు పెట్టిద్దామనుకుంటున్నాం. ఇలాంటి ఫారిన్ స్ట్రక్చర్ పెడితే ఇంటి సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్య ఘర్ సబ్సిడీ పోతుందా? ఇంకొకటి, బరువులు పెడితే స్లాబ్ ఆగుతుందా? ఇప్పటికే లీకేజీ ఉంది, టెన్షన్‌గా ఉంది.

ఎలక్ట్రీషియన్_మంచిర్యాల:
3 కిలోవాట్లకు సబ్సిడీ 78,000 రూపాయలు. అందులో ముఖ్యమైన షరతు ప్యానెళ్లు మన దేశంలో తయారైనవి అయి ఉండాలని. మిగతావి నక్కలగుట్ట విద్యుత్ భవన్‌లో కరెంటు కంపెనీ టీజీఎన్‌పీడీసీఎల్ వాళ్లను అడగండి, మనం గ్రిడ్‌కు పంపే కరెంటును కూడా లెక్కించే నెట్ మీటర్ కూడా వాళ్ల ద్వారానే.

స్లాబ్_ఇంజనీర్_సుబేదారి:
భీమారం గారూ, లీకేజీ ముందు బాగు చేయించండి. ప్యానెళ్లు పెట్టాక కింద కోటు వేయడం చాలా కష్టం, అన్నీ విప్పాలి. బరువు సంగతి: ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం మనుషులు ఎక్కే డాబాకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు లెక్కగట్టాలి. అందుకని అంత బరువూ దిమ్మెలకే వాడుకోవచ్చని కాదు. మనుషులూ తిరుగుతారు, నీళ్ల ట్యాంకు ఉంటుంది, కోటు మీద కోటు వేసి స్లాబ్ ఇప్పటికే బరువెక్కి ఉంటుంది. పాత వరంగల్‌లో గచ్చు మిద్దెలైతే ఇంజనీరు చూడకుండా ఒక్క దిమ్మె కూడా పెట్టించకండి.

కాజీపేట_నుంచి_ష్టుట్‌గార్ట్:
మళ్లీ మాన్యువల్‌కు వస్తే, రెండు చిన్న విషయాలు చెప్పాలి. చిన్నవే కానీ వీటి దగ్గర తప్పితే మిగతా అనువాదమంతా వృథా.

మొదటిది కామా. జర్మన్‌లో 1,5 అంటే ఒకటిన్నర. 1.500 అంటే పదిహేను వందలు. మన పద్ధతికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఫోన్ యాప్‌లు మాటలను మారుస్తాయి, అంకెలను చాలాసార్లు అలాగే వదిలేస్తాయి. షీట్‌లోకి ఎక్కే ప్రతి అంకెనూ చేత్తో మార్చి, ఇంకొకరితో సరిచూయించండి.

రెండోది "ముస్ నిష్ట్", "డార్ఫ్ నిష్ట్". చూడ్డానికి రెండూ ఒకేలా అనిపిస్తాయి. డార్ఫ్ నిష్ట్ అంటే చేయకూడదు. ముస్ నిష్ట్ అంటే చేయాల్సిన పనిలేదు. ఇంగ్లిష్ వచ్చినవాళ్లు ముస్ చూడగానే మస్ట్ అనుకుని "చేయకూడదు" అని రాసేస్తారు. ఉదాహరణకు నా దగ్గరున్న ఒక మాన్యువల్‌లో నడిమి వరుసలకు వెనక రేకు చివర మూత పెట్టాల్సిన పనిలేదు అని ఉంది. దాన్ని పెట్టకూడదు అని తిప్పితే ఫిట్టర్ ఉన్న మూతలు కూడా పీకేస్తాడు.

ఫిట్టర్_కరీంనగర్:
వెనక రేకు అంటే గుర్తొచ్చింది. అలాంటి సెట్లలో ప్యానెల్ వెనక మూసేసే రేకు వస్తుంది. మా వాళ్లు దాన్ని వదిలేస్తారు. ప్యానెల్ కిందికి గాలి ఆడితే వేడి తగ్గి కరెంటు ఎక్కువ వస్తుందని. అది తప్పా?

కాజీపేట_నుంచి_ష్టుట్‌గార్ట్:
గాలి ఆడితే ప్యానెల్ చల్లగా ఉంటుందన్నది నిజమే. కానీ ఈ రకం సెట్‌లో ఆ రేకు పేరే విండ్‌లైట్‌బ్లెఖ్, గాలిని దారి మళ్లించే రేకు. వెనక నుంచి గాలి దూరి ప్యానెల్‌ను లేపకుండా అదే ఆపుతుంది. బరువుల లెక్క ఆ రేకు ఉందనుకుని చేసినది. రేకు తీసేస్తే దిమ్మెలు సరిపోవు. "వెనక గాలి రేకు, తీయకూడదు" అని పెద్ద అక్షరాలతో రాయండి.

అనువాదం_పని_వరంగల్:
ఇది డార్ఫ్ నిష్ట్ అన్నమాట. షీట్‌లో ఒక పద్ధతి పెట్టుకోండి. నిషేధానికి ఎప్పుడూ "-కూడదు" అనే, అవసరం లేనిదానికి ఎప్పుడూ "పనిలేదు" అనే వాడండి. "వద్దు" అన్న మాటను షీట్‌లో ఎక్కడా వాడకండి. అది రెండిటికీ పనికొస్తుంది, అందుకే గందరగోళం చేస్తుంది.

సూపర్‌వైజర్_హన్మకొండ:
ఇది నాకు తట్టనే లేదు మేడమ్, చాలా థాంక్స్. థెర్మిషె ట్రెన్నుంగ్‌కు యాప్ "వేడి నిరోధం" అంటోంది. అల్యూమినియం పట్టాల బొమ్మ పక్కన ఉంది. అక్కడ వేడి నిరోధం ఏమిటి?

కాజీపేట_నుంచి_ష్టుట్‌గార్ట్:
కిటికీల పనిలో అయితే ఆ మాటకు వేడి దాటకుండా ఆపడం అనే అర్థం. పట్టాల దగ్గర అది సాగుడు గ్యాప్. పట్టా పొడవును ఇంతకు మించనీయకుండా తెంచి, మధ్యలో సందు వదలమంటున్నాడు. అల్యూమినియం ఒక మీటరు, ఒక డిగ్రీకి 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. డిసెంబర్ తెల్లవారుజామున 15 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం ఎండలో పట్టా 75 డిగ్రీలు అనుకుంటే, 12 మీటర్ల పట్టా సుమారు 17 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. సందు లేకపోతే పట్టా రబ్బరు మ్యాట్‌ను, మ్యాట్ మీ వాటర్ ప్రూఫింగ్ కోటును రోజూ ముందుకీ వెనక్కీ రాస్తూనే ఉంటాయి.

ఫిట్టర్_కరీంనగర్:
పట్టాలను సందు లేకుండా జాయింట్ ముక్కతో గట్టిగా కలిపేస్తే స్ట్రాంగ్ అని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. "సాగుడు సందు" అని రాసి ఎన్ని మిల్లీమీటర్లో పక్కన వేస్తే వాళ్లకు అర్థమవుతుంది. రామగుండం ఎండలకు పట్టా మీద చెయ్యి పెట్టలేం, సాగడం నమ్ముతారు.

ఎలక్ట్రీషియన్_మంచిర్యాల:
నా వంతు. పొటెన్‌ట్సియాల్‌ఔస్‌గ్లైష్, ఎర్డుంగ్, బ్లిట్స్‌షుట్స్. ఈ మూడింటినీ మన సైట్‌లలో "ఎర్తింగ్" అనే ఒక్క మాటతో పిలుస్తాం. షీట్‌లో మాత్రం అలా కుదరదు. మొదటిది ప్యానెళ్ల ఫ్రేములు, పట్టాలు అన్నిటినీ రాగి తీగతో ఒకదానికొకటి కలపడం. అక్కడ కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి అడుగుతారు. రెండోది భూమిలోకి దింపడం. మూడోది పిడుగు కోసం. ఆ మూడోదాని దగ్గర ట్రెన్నుంగ్స్‌ఆబ్‌ష్టాండ్ అని ఇంకో మాట వస్తుంది. పిడుగు కడ్డీ నుంచి ప్యానెళ్లు ఇంత దూరం ఉండాలి అని. ఆ దూరం కుదరక రెండూ కలపాల్సి వస్తే తీగ 16 చదరపు మిల్లీమీటర్లకు పెరుగుతుంది. మన దగ్గర సాధారణంగా ఏసీకి, డీసీకి, పిడుగు కడ్డీకి వేర్వేరు ఎర్త్ పిట్లు తీస్తాం. నా సలహా: "ఫ్రేముల కలుపు తీగ", "ఎర్త్ పిట్ తీగ", "పిడుగు తీగ". మూడింటికీ మూడు రంగుల గుర్తులు వేయండి.

అనువాదం_పని_వరంగల్:
మొదటిదానికి పుస్తకాల్లో "సమ విభవ బంధనం" అని ఉంటుంది. పరీక్షకు చదివేవాళ్లకు అది కావాలి, స్లాబ్ మీద మాత్రం కలుపు తీగే కావాలి. దీన్నే నేను సమర్థిస్తాను.

ఎలక్ట్రీషియన్_మంచిర్యాల:
ఇంకొకటి. మాన్యువల్‌లో మార్డర్ అనే మాట కనపడుతుంది చూడండి. కేబుల్స్ కొరికే ముంగిస లాంటి జంతువు అక్కడ. మనకు ఎలుకలు, ఉడతలు, అన్నిటికంటే కోతులు. కోతి పట్టుకుని లాగుతుంది, కనెక్టరు ఊడదీస్తుంది. అక్కడ కొరకకుండా తొడుగు చాలు. ఇక్కడ కేబుల్‌ను పట్టా లోపలి నుంచి తీసుకెళ్లాలి, వేలాడనివ్వకూడదు.

కాజీపేట_నుంచి_ష్టుట్‌గార్ట్:
నిజం. వరుసల మధ్య దూరం కూడా అలాంటిదే, రైహెన్‌ఆబ్‌ష్టాండ్ అంటారు. డిసెంబర్ 21 మధ్యాహ్నం బెర్లిన్‌లో సూర్యుడు 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి అదే రోజు 48 డిగ్రీలు దాటి ఉంటాడు. 2 మీటర్ల ప్యానెల్‌ను 15 డిగ్రీలు లేపితే వెనక ఎత్తు అర మీటరు. దాని నీడ బెర్లిన్‌లో 2 మీటర్లు పైనే, వరంగల్‌లో అర మీటరులోపు. పొద్దున, సాయంత్రం నీడలు కొంచెం పొడుగుంటాయి, అది కలుపుకున్నా జర్మన్ దూరాలు మనకు అనవసరం. ఇంకా, మే మధ్య నుంచి జూలై చివరి దాకా మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు. ఆ మాన్యువల్ రాసినవాళ్లకు అలాంటి ఎండ లేదు. కాకపోతే ఒక్కటి, ఆ సెట్‌లో ముందు వరుస, వెనక వరుస ఒకే పొడవైన పట్టా మీద వస్తే దూరం తగ్గించే ముందు కంపెనీని అడగండి. బరువుల లెక్క వరుసలు కలిసి ఉన్నాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

స్లాబ్_ఇంజనీర్_సుబేదారి:
దిమ్మెల దగ్గర ఒక ముక్క. మాన్యువల్‌లో గేవెగ్‌ప్లాట్టె అని ఉంటే అది కాలిబాట పలక. 40 బై 40, 4 సెంటీమీటర్ల మందం అయితే 15 కిలోలు. మన దగ్గర అదే కొలతకు గ్రానైట్ ముక్క దొరుకుతుంది, అది 17 దాకా తూగుతుంది. కాంక్రీటు దిమ్మె ఒక్కో చోట ఒక్కో బరువు. షీట్‌లో పలకల సంఖ్య రాయకండి, కిలోలు రాయండి. సైట్‌లో కాటా పెట్టండి.

జారుడు పరీక్ష కూడా చేయాలి. రైబ్‌బైవెర్ట్ అని ఒక అంకె ఉంటుంది, మ్యాట్ ఎంత పట్టు పడుతుందో చెప్పేది. మీ స్లాబ్ మీద తెల్ల కూలింగ్ పెయింటు వేసి ఉంటే ఆ పట్టు మాన్యువల్‌లో ఉన్నంత ఉండకపోవచ్చు. మ్యాట్ మీద తెలిసిన బరువు పెట్టి, స్లాబ్‌ను తడిపి, స్ప్రింగ్ త్రాసుతో అడ్డంగా లాగండి. ఎన్ని కిలోల దగ్గర కదిలిందో ఆ అంకెను పెట్టిన బరువుతో భాగిస్తే అదే పట్టు. నాలుగు చోట్ల లాగి, తక్కువ వచ్చింది నాకు పంపండి.

సూపర్‌వైజర్_హన్మకొండ:
చేస్తాను సార్. స్లాబ్ మీద తెల్ల పెయింటే ఉంది. బోల్టుల బిగింపు గురించి కూడా అడగాలి. ఆన్‌ట్సూగ్స్‌డ్రేమోమెంట్ అని న్యూటన్ మీటర్లలో ఇచ్చాడు. మా వాళ్లు చేతి స్పానర్‌తో చేతనైనంత బిగిస్తారు.

ఫిట్టర్_కరీంనగర్:
"టార్క్" అనే రాయండి, అందరికీ తెలుసు. టార్క్ స్పానర్ మాత్రం కొనాల్సిందే. స్టీల్ బోల్టు ఎక్కువ బిగిస్తే మర పట్టేస్తుంది, ఇక కోయాలి తప్ప రాదు. ప్యానెళ్ల మధ్య క్లాంపు అయితే ఎక్కువ బిగింపుకు ఫ్రేమే వంగుతుంది.

సూపర్‌వైజర్_హన్మకొండ:
సరే. షీట్ ఇలా వస్తోంది. మొదటి పేజీలో పేర్లు: వాలు ఫ్రేమ్, రబ్బరు మ్యాట్, వెనక గాలి రేకు, సాగుడు సందు, మూడు తీగలు. ప్రతి పేరు కింద జర్మన్ మాట కూడా చిన్నగా పెడతాను, పెట్టె మీద చూసి పోల్చుకోవడానికి. రెండో పేజీలో స్లాబ్ బొమ్మ, సుద్దగీతల భాగాలు, ఒక్కో భాగానికి కిలోలు రాసే గడులు. గడుల్లో ఇప్పుడే ఏమైనా వేయమంటారా సార్?

స్లాబ్_ఇంజనీర్_సుబేదారి:
ఖాళీగా ఉంచండి. స్లాబ్ మందం, బీములు ఎక్కడెక్కడ ఉన్నాయో కొలిచి, పిట్టగోడ ఎత్తు, లాగుడు పరీక్ష అంకె, ప్యానెళ్ల లేఅవుట్ నాకు పంపండి. మన కోడ్ ప్రకారం లెక్క చేసి ఇస్తాను. దిమ్మెలు బీముల దగ్గరకు జరపగలమేమో కూడా చూద్దాం.

సూపర్‌వైజర్_హన్మకొండ:
గడులు ఖాళీగానే ప్రింట్ తీస్తున్నాను. రేపు పొద్దున స్లాబ్ కొలుస్తాం, స్ప్రింగ్ త్రాసు స్టేషన్ రోడ్డులో కొంటాను. మీ లెక్క వచ్చాక కిలోలు పెన్నుతో రాసి, మీ సంతకం పెట్టించాకే దిమ్మెలు పైకి ఎక్కిస్తాం. పూర్తయిన షీట్ ఇక్కడే పెడతాను, ఎవరైనా వాడుకోవచ్చు. పేర్లు, బొమ్మ వాడుకోండి గానీ మా గడుల్లోని కిలోలు మాత్రం వేరే ఇంటికి వాడకండి.